జాతీయ చేనేత పురస్కారానికి మీ ఇంటి నుంచి ఎవరైనా పంపారా?

పుట్టపాక మగ్గం:
మా నాన్న తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే గళ్ల వస్త్రం, నేస్తారు. వచ్చే విడత జాతీయ చేనేత పురస్కారానికి ఒక వస్త్రం పంపాలని ఇంట్లో అనుకుంటున్నాం. వయసు, అనుభవం నిబంధనలతో ఇబ్బంది లేదు. తేలనిది ఒకటే: ఏం నేయాలి? పాత పద్ధతిలో ఎరుపు, నలుపు, తెలుపు చదరపు రుమాలా, కొత్త డిజైను చీరా? మా ఊరికి గజం గోవర్ధన గారితో 2011లో, గజం అంజయ్య గారితో 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి ఊరి నుంచి వెళ్లే వస్త్రం తేలిపోకూడదని నాన్న పట్టుదల. పంపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

చౌటుప్పల్ చిటికి:
రుమాలే నేయించండి. మా బాబాయి పోటీకి వెళ్లినప్పుడు దగ్గరుండి చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. చీరలో కంటికి అందకుండా పోయే లోపం రుమాలులో దాగదు. పడుగునూ (నిలువు పోగులు) పేకనూ (అడ్డం పోగులు) ముందే కట్టి, రంగు అద్ది, ఆ తర్వాత మగ్గం మీద కలుపుతాం కదా. పడుగు మీది ఎరుపు, పేకలోని ఎరుపు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే గడి నిండుగా పలుకుతుంది. పోగు జరిగిందా, పక్కన మసక నీడ తేలుతుంది. ఇలా పోగులకు ముందే రంగు అద్ది నేసే ఇక్కత్‌లో అంచులు కొద్దిగా చెదరడం సహజమే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. తెలిసినవాళ్లు చూసేది గళ్ల మూలలు. పోటీలో చూసినవాళ్లు బాబాయి వస్త్రాన్ని ముందు తిరగేశారు, తర్వాత మూల పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశారు. కొంగు వైపు చాలాసేపటి దాకా పోనే లేదు.

నూనె పనిని తప్పకుండా ఫొటోలు తీయించండి. ఆముదం కాయలు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును పదేపదే పిసికి ఆరబెట్టడం ఈ తరంలో చాలామంది చూడలేదు. ఆ ఎరుపు అంత లోతుగా పట్టడానికి మూలం అక్కడే ఉంది. ఫొటోలు లేకపోతే చూసేవారికి అది మామూలు ఎర్ర గుడ్డే.

ఖర్చు సంగతి కూడా ముందే ఆలోచించుకోండి. పోటీ వస్త్రం మగ్గం మీద ఉన్నన్నాళ్లూ మామూలు నేత ఆగుతుంది, మజూరీ రాదు. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చి నేసేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. చాలామంది మంచి పనివాళ్లు పోటీకి వెళ్లకపోవడానికి అసలు కారణం ఇదే అని నా నమ్మకం.

ఆలేరు కోడలు:
అన్నా, దరఖాస్తులో నాన్న పేరు రాస్తారు. మరి అమ్మ పేరు?

ఇది నిష్ఠూరం కాదు, నిజంగా అడుగుతున్నాను. మా ఇంట్లో ఆసు పోసేది (నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పేది), చిటికి కట్టేది (రంగు అంటకుండా పోగులకు కట్లు వేసేది) మా అత్తమ్మ. సైకిల్ ట్యూబును సన్నగా కోసి, ఆ రబ్బరు పట్టీని పోగుల మీద బిగించి చుడుతుంది. గీసిన గీత దగ్గర కట్టు రవ్వంత వదులైతే రంగు లోపలికి దూరుతుంది, అక్కడితో ఆ పువ్వు పోయినట్టే. రంగు ఆరాక కట్లు విప్పేటప్పుడు చూడాలి, చాకు మొన రబ్బరును తెంపుతుంది కానీ కింద పోగును ముట్టుకోదు. ఆ చేతి ఒడుపు నాకు ఇంకా పట్టుబడలేదు. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది కూడా అమ్మ భుజాల నొప్పి చూడలేకే కదా, దానికి ఆ తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాడలో ఆడవాళ్లందరూ తమకే వచ్చినట్టు సంబరపడ్డారు.

మగ్గం మీద కూర్చున్నవారికే పురస్కారం అంటే, మగ్గం ఎక్కకముందే సగం పని చేసినవారు ఎక్కడికి పోవాలి?

గద్వాల అంచు:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేత మహిళలకు విడిగా కమలాదేవి చటోపాధ్యాయ పేరిట పురస్కారాలు ఉన్నాయి. అయితే చిటికి కట్టేవారికి, ఆసు పోసేవారికి అందులోనూ చోటు దొరకడం కష్టమే. మా దగ్గరా అంతే. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. కొంగు కోసం నూలు పడుగుకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా తిప్పి అతకాలి. ఆ పని చేసినవారి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

అడిగిన విషయానికి వస్తే, జాతీయ పురస్కారానికి 2 లక్షల నగదు, తామ్రపత్రం, శాలువా, ప్రశంసాపత్రం ఇస్తున్నారు. సంత్ కబీర్ పురస్కారం దానికన్నా పెద్దది, 3.5 లక్షలు, బంగారు నాణెం. ముందు రాష్ట్ర ప్రభుత్వం ఆగస్టు 7న ఇచ్చే కొండా లక్ష్మణ్ బాపూజీ పురస్కారానికి ప్రయత్నించండి. కాగితాల పని అలవాటవుతుంది.

మక్తల్ తాపీ:
నేతగాళ్లకు ఇన్ని ఉన్నందుకు సంతోషం. తాపీ పనివాడికి, వడ్రంగికి, కమ్మరికి ఏముంది? ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 2023లో వచ్చింది, 18 వృత్తులు, పనిముట్లకు 15,000, తక్కువ వడ్డీకి రుణం. మేలే జరిగింది, కాదనను. కానీ అది సాయం. నీ పని దేశంలోనే మేటి అని ఎవరైనా గోడ తడిమి చూసి చెప్పడం వేరు. నైపుణ్య పోటీలు ఉన్నాయి, కుర్రవాళ్లకు. నలభై దాటిన మేస్త్రీకి లేవు.

పాలమూరు పారిస్:
ఫ్రాన్స్‌లో సరిగ్గా అలాంటిదే ఉంది. మా తమ్ముడు ఇక్కడ హోటల్ వంటశాలలో చేస్తాడు, వాడి పెద్ద చెఫ్‌కు ఆ బిరుదు ఉంది. మెయ్యర్ ఉవ్రియే ద ఫ్రాన్స్ అంటారు, 1924 నుంచి నడుస్తోంది. వంటవాళ్లు, రొట్టెలు చేసేవాళ్లు, రాతిపనివాళ్లు, వడ్రంగులు, గాజు పనివాళ్లు, క్షురకులు, అందరూ ఒకే గౌరవానికి పోటీపడతారు. మూడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. గెలిచిన వంటవాడు కోటు మెడపట్టీ మీద నీలం, తెలుపు, ఎరుపు చారలు జీవితాంతం వేసుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది అక్కడ మొదటి, రెండో స్థానాలు లేకపోవడం. పనితనం ఆ స్థాయికి చేరినవాళ్లందరికీ బిరుదు ఇస్తారు. ఎవరూ చేరకపోతే ఎవరికీ ఇవ్వరు. పక్కవాణ్ని ఓడించే అవసరం లేదు. మన దగ్గర పుట్టపాకను, కంచిని, బనారస్‌ను ఒకే బల్ల మీద పెట్టి ఒకటి ఎంచమనడం కన్నా ఇది న్యాయం కాదా?

కురుమ గొంగడి:
మా తాత దక్కని గొర్రె బొచ్చుతో గొంగడి నేసేవాడు. చింతగింజల అంబలి పట్టించి పడుగు బిగిస్తే వాన నీళ్లు జారిపోవాల్సిందే. ఆయనకు ఎవరూ దరఖాస్తు ఫారం ఇవ్వలేదు, ఇచ్చినా చదవలేడు. మీ నాన్నకు మీరున్నారు, తప్పకుండా పంపండి.

పుట్టపాక మగ్గం:
అందరికీ కృతజ్ఞతలు. రుమాలే ఖాయం చేశాం. అక్కా, మీ మాట అమ్మకు చదివి వినిపించాను. ఫారంలో నేసినవారి గడి ఒకటే ఉంది, కాబట్టి పని వివరాల కాగితంలో చిటికి ఎవరు కట్టారో, నూనె పని ఎవరు చేశారో పేర్లతో రాసి, అమ్మ కట్టు కడుతున్న ఫొటో జతచేస్తున్నాం. మిగతావాళ్లు కూడా ఇలాగే రాస్తే ఎప్పటికైనా ఆ గడి పెరుగుతుంది. చౌటుప్పల్ అన్నా, ఆముదం కాయలు ఇంకా ఎవరి దగ్గరైనా దొరికితే చెప్పండి, మాకు రెండు బస్తాలు కావాలి.

చౌటుప్పల్ చిటికి:
మా చేను పక్క రైతు వేశాడు. కాయ పూర్తిగా ఎండాక కబురు చేస్తాను. పచ్చిగా కాల్చకండి.