థెరపీలో మతం ప్రస్తావన ముందుగా ఎవరు తేవాలి?

నదీతీరం:
నేను కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. మొదటి సెషన్‌కు ముందు నింపించే పత్రంలో నిద్ర, ఆకలి, మద్యం, దాంపత్యం, చివరకు ఆత్మహత్య ఆలోచనల గురించి కూడా అడుగుతాం కానీ, ఆ మనిషి దేన్ని నమ్ముకొని బతుకుతున్నాడో మాత్రం అడగం. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా సైకియాట్రీ సంఘం గ్రంథమైన డీఎస్ఎం, 1994లో వచ్చిన నాలుగో కూర్పులో ‘మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య’ను ప్రత్యేకంగా పేర్కొని, అది జబ్బు కాకపోయినా చికిత్సలో పట్టించుకోదగిన విషయమేనని గుర్తించింది. రోగి మతవిశ్వాసాలను తెలుసుకోవడం వివరాల సేకరణలో మామూలు భాగం కావాలని ప్రపంచ సైకియాట్రీ సంఘం 2016లో చెప్పింది. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నా పత్రంలో ఉండాలి.

అక్షరసాక్షి:
ఉండకూడదు. మా ఇంట్లో ఒక మరణం తరువాత నేను వెళ్ళిన థెరపిస్టు రెండో సెషన్‌లోనే ఈ ప్రశ్న అడిగారు. నాకు దైవవిశ్వాసం లేదని చెప్పాను. ఆనాటి నుంచి నా దుఃఖం గురించి మాట్లాడబోయిన ప్రతిసారీ, నమ్మకం ఉన్నవాళ్ళు త్వరగా తేరుకుంటారన్న మాట ఏదో ఒక రూపంలో వచ్చేది. నేను దుఃఖానికి సాయం కోరి వెళ్ళాను, నాలో ఏదో కొరత ఉందన్న భావనతో బయటికి వచ్చాను. మీరు చెప్పిన 2016 ప్రకటనే, సైకియాట్రిస్టులు తమ వృత్తిస్థానాన్ని మతప్రచారానికి వాడుకోరాదని కూడా చెబుతుంది. ఆ భాగాన్ని మీరెందుకు వదిలేశారు?

ఎర్రమందారం:
ఇష్టం లేనివారు ఆ గడిని ఖాళీగా వదిలేయవచ్చు కదా, దానికింత వాదన అవసరం లేదనిపిస్తోంది.

అక్షరసాక్షి:
ఖాళీగా వదిలిన గడిని కూడా థెరపిస్టు చదువుతారండీ.

నదీతీరం:
అక్షరసాక్షి గారూ, మీకు జరిగినది వృత్తిధర్మానికి విరుద్ధం, అందులో నాకు సందేహం లేదు. కానీ అక్కడ చెడ్డది ప్రశ్న కాదు, ప్రశ్న తరువాతి ప్రవర్తన. అడగకపోవడం వల్ల జరిగే నష్టం కూడా చూడండి. ఓసీడీలో, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయంతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం ఉండే జబ్బులో, ఒక రకం ఉంది: ప్రార్థనలో ఒక్క మాట తప్పినా మహాపాపమని భయపడి, దాన్నే గంటల తరబడి మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటారు. ఆ మతం నిజంగా ఏమి కోరుతుందో, జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలియని థెరపిస్టు, భక్తిని జబ్బు అనుకోవచ్చు, జబ్బును భక్తి అనుకొని వదిలేయనూవచ్చు. ఇక చికిత్స ఫలితాల మాటకొస్తే, రెబెకా ప్రాప్‌స్ట్ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనంలో, మతవిశ్వాసం ఉన్న డిప్రెషన్ రోగులకు వారి విశ్వాసానికి తగినట్లు మలిచిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స) మేలు చేసింది. ఆ పద్ధతిని మతవిశ్వాసం లేని థెరపిస్టులు నడిపినప్పుడు కూడా ఫలితాలు బాగున్నాయి. అంటే థెరపిస్టు నమ్మనక్కరలేదు, తెలుసుకుంటే చాలు.

అక్షరసాక్షి:
అందులో పాల్గొన్నవారు 59 మంది. వారిని వేర్వేరు గుంపులుగా విడదీసిన తరువాత ఒక్కో గుంపులో ఎందరు మిగులుతారో లెక్క వేయండి. అంతకంటే పెద్దదైన 2015 నాటి కోనిగ్ బృందం పరీక్షలో 132 మంది ఉన్నారు. అక్కడ మతాన్ని కలిపిన చికిత్సకూ మామూలు చికిత్సకూ మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నదీతీరం:
ఆ పరీక్షలోనే, మతనిష్ఠ ఎక్కువగా ఉన్నవారిలో కొంత మొగ్గు కనిపించిందన్న సంగతి కూడా చెప్పాలి. అయినా నేను కోరుతున్నది మతాన్ని కలపమని కాదు, అడగమని మాత్రమే. మీరు 59 అనే అంకెను పట్టుకొని నా అసలు ప్రశ్నను దాటవేస్తున్నారు.

మౌనగీతం:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. నాకు జరిగింది అక్షరసాక్షి గారి అనుభవానికి సరిగ్గా తిరగబడ్డది. నా థెరపిస్టు మతం గురించి ఎన్నడూ అడగలేదు. నేనే ధైర్యం చేసి, రోజూ ప్రార్థిస్తానని చెబితే, అది సమస్యను తప్పించుకోవడమని తేల్చేశారు. ఆ తరువాత దేవుడు నన్ను శిక్షిస్తున్నాడన్న భయం ఎంత పీడించినా ఆ గదిలో నోరు విప్పలేదు. ఆ భయం చిన్నది కాదు. పార్గమెంట్ బృందం ఆసుపత్రిలో చేరిన వృద్ధులను రెండేళ్ళపాటు గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, దేవుడు తమను వదిలేశాడని బాధపడినవారికి మరణించే ప్రమాదం ఎక్కువగా కనిపించింది. 2016 ప్రకటన మతాన్నే కాదు, మతరహిత దృక్పథాన్ని కూడా ప్రచారం చేయవద్దంటుంది. మీరిద్దరూ ఆ ప్రకటనలో చెరో భాగం మాత్రమే చదివారు.

అక్షరసాక్షి:
దేవుడి శిక్ష గురించి మాట్లాడాలనుకునేవారికి మతగురువులు ఉన్నారు. చికిత్స గదిని అందుకోసం మార్చనక్కరలేదు.

మౌనగీతం:
ఇదే మాట ఆ థెరపిస్టు కూడా అన్నారు. నా బాధను మరో గుమ్మానికి పంపించే హక్కు మీకెవరిచ్చారు? మీ దుఃఖాన్ని ఎవరైనా అలా పంపించి ఉంటే సహించేవారా?

నిర్వాహకులు:
సభ్యులు ఒకరి బాధను మరొకరు తూకం వేయవద్దని మనవి.

అక్షరసాక్షి:
మౌనగీతం గారూ, అది కఠినంగా వినిపించి ఉంటే నా ఉద్దేశం మీ బాధను తోసిపుచ్చడం కాదు. నా కోపం ఎక్కడిదో సూటిగా చెబుతాను. ఆ థెరపిస్టుకు నేను వద్దు అని చెప్పలేకపోయాను, ఎందుకంటే అప్పుడు నాకు వేరే ఆసరా లేదు. సాయం కోసం చేయి చాచిన మనిషి, సాయం చేసేవారి నమ్మకాన్ని కాదనగల స్థితిలో ఉండడు. అందుకే ఆ విషయం ముందుగా థెరపిస్టు నోట రాకూడదంటున్నాను. రోగి ఎత్తితే ఎంతసేపైనా మాట్లాడండి.

మౌనగీతం:
నేను ఎత్తాను. జరిగింది చెప్పాను కదా. మొదటి మాట నా మీద వదిలేశారు కాబట్టే, ఒక్క దెబ్బతో నేను మూగబోయాను. ఇక్కడ నా మతం గురించి మాట్లాడవచ్చని వారు ముందే చెప్పి ఉంటే, నాకు అంత ధైర్యం అవసరమయ్యేది కాదు.

ఎర్రమందారం:
అయితే మీ ఇద్దరి తగాదా పత్రంలోని ప్రశ్న గురించి కాదు, మొదటి మాట భారం ఎవరు మోయాలన్నదాని గురించి.

అక్షరసాక్షి:
అవును, అదే. విశ్వాసం గురించి మాట్లాడటానికి అభ్యంతరం లేదని, మాట్లాడకపోయినా చికిత్సలో తేడా రాదని పత్రంలో రెండు వాక్యాలు రాయండి. దానికి నేను ఒప్పుకుంటాను. ప్రశ్నకు ఒప్పుకోను.

నదీతీరం:
ఆ రెండు వాక్యాలు రేపటి నుంచే మా పత్రంలో చేరుస్తాను. కానీ నేను చెప్పిన ఓసీడీ రోగి వాటిని చదివి కూడా పెదవి విప్పడు, ఎందుకంటే తన ప్రార్థన గురించి సందేహించడమే పాపమని అతని జబ్బు అతనికి చెబుతూ ఉంటుంది. అలాంటివారిని నేను అడిగే తీరతాను.

అక్షరసాక్షి:
లక్షణాలు కనిపించిన చోట అడగండి. అందరినీ మాత్రం వద్దు.

మౌనగీతం:
నాలో బయటికి ఏ లక్షణమూ కనిపించలేదు.