పాత బీబీసీ మైక్రో నుంచి ఇప్పటి లేజర్ ప్రింటర్‌కు ప్రింట్ పంపడం ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా దగ్గర బీబీసీ మైక్రో మోడల్ బీ, అంటే 1980ల నాటి ఇంటి కంప్యూటర్, ఉంది. పవర్ సప్లైలో పాడైన కెపాసిటర్లు మార్చి, కీబోర్డు విప్పి శుభ్రం చేసి, చాలా రోజులు కూర్చుని బాగు చేసుకున్నాను. ఇప్పుడు అందులో రాసిన బేసిక్ ప్రోగ్రాములను కాగితం మీద చూసుకోవాలని ఉంది. తెర మీద పైకి కిందికి జరుపుతూ తప్పు వెతకడం నా వల్ల కావడం లేదు.

ఇంట్లో ఉన్నది యూఎస్‌బీ, వైఫై ఉన్న లేజర్ ప్రింటర్. ఒక కొసన యూఎస్‌బీ, రెండో కొసన 36 పిన్నుల పెద్ద ప్లగ్గు ఉన్న కేబుల్ కొన్నాను. మైక్రో తాలూకు పాత ప్రింటర్ కేబుల్‌కు దాన్ని మధ్యలో కన్వర్టర్ పెట్టి తగిలించి, యూఎస్‌బీ కొసను ప్రింటర్‌లో పెట్టాను. ప్రింటింగ్ మొదలుపెట్టే వీడీయూ 2 కొట్టి, ప్రోగ్రామును చూపించే లిస్ట్ అన్నాను. తెర మీద రెండు మూడు లైన్లు వచ్చి మెషీన్ బిగుసుకుపోయింది. ఎస్కేప్ నొక్కితే మళ్లీ కదిలింది. ఎన్నిసార్లు చేసినా ఇంతే. పోర్టు కాలిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరా?

జవాబు:

పోర్టు కాలిపోయిందనడానికి మీరు చెప్పినదాంట్లో ఏ ఆధారమూ లేదండీ. ప్రింటర్ నుంచి కబురు రాకపోతే మైక్రో చేసేది అదే. అందులో ప్రింటర్ కోసం 63 బైట్ల బఫర్, అంటే అక్షరాలను తాత్కాలికంగా దాచే చోటు, ఉంటుంది. ఒక అక్షరాన్ని పోర్టు మీద పెట్టి, అవతలి నుంచి ‘అందింది’ అనే ఆక్ సంకేతం వచ్చేదాకా రెండోది పంపదు. సంకేతం రాకపోతే మిగతా అక్షరాలన్నీ బఫర్‌లో పోగుపడతాయి. అది నిండగానే మెషీన్ ఆగుతుంది. ఎస్కేప్ నొక్కితే బఫర్ ఖాళీ అవుతుంది కాబట్టి కదులుతుంది. తెర మీద ఆగేలోపు వచ్చిన అక్షరాలు లెక్కపెట్టి చూడండి, అరవై పైచిలుకు ఉంటాయి.

ఇక ఆ కేబుల్ మీ పనికి రాదు. దాని మధ్యలో ఉన్న చిప్ ఒకవైపే పని చేస్తుంది: ఈకాలపు కంప్యూటర్ నుంచి యూఎస్‌బీలో వచ్చినదాన్ని పాత ప్యారలల్ ప్రింటర్‌కు, అంటే అక్షరం బిట్లన్నీ వేర్వేరు తీగల మీద ఒకేసారి అందుకునే ప్రింటర్‌కు, అందిస్తుంది. మీకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసినది. యూఎస్‌బీలో మాట మొదలుపెట్టేది ఎప్పుడూ హోస్టే, అంటే కంప్యూటరే. ప్రింటర్ అడిగితే జవాబు చెబుతుందంతే. మీరు కలిపిన పద్ధతిలో హోస్ట్ అనేదే లేదు. ఆ కేబుల్‌ను మైక్రోకు మళ్లీ పెట్టకండి. యూఎస్‌బీ వైపు కరెంటు అందలేదు కాబట్టి సరిపోయింది, అందితే రెండు వైపులా అవుట్‌పుట్లే ఎదురెదురుగా కూర్చునేవి.

ఏదైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. మీ ప్రింటర్‌కు మామూలు అక్షరాలు నేరుగా పంపితే అర్థమవుతాయో లేదో తేల్చుకోవాలి. ఇప్పటి చవక ప్రింటర్లలో చాలా వాటికి అక్షరం అంటే ఏమిటో తెలియదు. పేజీ బొమ్మనంతా కంప్యూటరే తయారు చేసి చుక్కలుగా పంపాలి. పీసీఎల్ 5 అనే ప్రింటర్ భాష తెలిసినదైతే మామూలు అక్షరాలు పంపినా కూరియర్ అక్షరాల్లో అచ్చు వేస్తుంది. పీసీఎల్ ఎక్స్‌ఎల్ మాత్రమే ఉంటే వేయదు. వైఫైలో ఉన్న ప్రింటరైతే మీ ల్యాప్‌టాప్ నుంచి దాని 9100 నంబరు నెట్‌వర్క్ పోర్టుకు ఒక చిన్న వాక్యం పంపండి. చివర 12 నంబరు అక్షరం, అంటే ఫామ్ ఫీడ్, తప్పకుండా ఉండాలి. లేజర్ ప్రింటర్ పేజీ మొత్తం పూర్తయితేనే కాగితం లాగుతుంది. ఆ 12 లేక ‘ఏమీ రాలేదు’ అని మంచి ప్రింటర్లను పక్కన పెట్టేసినవాళ్లను చూశాను.

అడిగినవారు:

ఎంత ధైర్యం చెప్పారండీ! లెక్కపెట్టాను, అరవై పైనే వచ్చాయి. పరీక్ష కూడా చేశాను. మొదట 12 లేకుండా పంపితే ప్రింటర్ మీద లైటు మెరుస్తూ ఉండిపోయింది. 12 చేర్చి పంపగానే కాగితం వచ్చింది, నా వాక్యం ఉంది! మరి ఇప్పుడు మైక్రోను దీనికి ఎలా కలపాలి?

జవాబు:

అయితే మీది అదృష్టమే, దారి తేలికవుతుంది. మధ్యలో రెండు చిన్న బోర్డులు పెట్టుకోమంటాను: 5 వోల్టులతో నడిచే ఆర్డుయినో ఊనో లేదా నానో అనే కంట్రోలర్ బోర్డు ఒకటి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి (ఇకమీదట ‘పై’ అంటే ఇదే). మైక్రో నుంచి అక్షరాలు పట్టుకునేది ఆర్డుయినో. వాటిని ప్రింటర్‌కు చేర్చేది పై.

పైకే నేరుగా తీగలు లాగొచ్చు కదా అని అడుగుతారు. దాని పిన్నులు 3.3 వోల్టులవి, మైక్రో పంపే 5 వోల్టులు తగిలితే పాడవుతాయి. మధ్యలో వోల్టేజీ మార్చే చిప్పులు పెట్టి చేసేవాళ్లున్నారు. ఆర్డుయినో అయితే ఆ గొడవ లేదు, పైకి మామూలు యూఎస్‌బీ తీగతో కలుస్తుంది.

మైక్రో ప్రింటర్ పోర్టు అడుగున ఉంటుంది, 26 పిన్నులు. 1వ పిన్ స్ట్రోబ్, అంటే ‘అక్షరం సిద్ధం’ అనే సంకేతం. 3, 5, 7 ఇలా 17 వరకు బేసి పిన్నులు ఎనిమిది డేటా తీగలు. 19 ఆక్. వాటి పక్కనున్న సరి పిన్నులు గ్రౌండ్. స్ట్రోబ్‌ను ఆర్డుయినో 2వ పిన్‌కు ఇవ్వండి, అక్కడ ఇంటరప్ట్ ఉంది, అంటే సంకేతం మారగానే బోర్డు చేస్తున్న పని ఆపి దాన్ని చూస్తుంది. డేటా తీగలను వరసగా 4 నుంచి 11 వరకు ఇవ్వండి. అలా ఇస్తే మొదటి నాలుగు బిట్లు ఒక పోర్టులో, తర్వాతి నాలుగు ఇంకో పోర్టులో పడతాయి, రెండే రెండు చదువులతో బైటు మొత్తం వచ్చేస్తుంది. ఆక్‌ను 12వ పిన్ నుంచి ఇవ్వండి, ఆ తీగలో 220 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటే మంచిది. గ్రౌండ్ కలపడం మరిచిపోవద్దు. రెండు వైపులా కరెంటు ఆపేశాకే ప్లగ్గు పెట్టండి, తీయండి.

ప్రోగ్రాము చిన్నదే. స్ట్రోబ్ కిందికి దిగగానే డేటా చదివి, 256 బైట్ల చిన్న వరసలో దాచి, ఆక్‌ను ఓ 5 మైక్రోసెకన్లు కిందికి దించి మళ్లీ ఎత్తాలి. వరస నిండితే ఖాళీ అయ్యేదాకా ఆక్ ఇవ్వకండి, మైక్రో ఓపిగ్గా ఆగుతుంది. ఇక్కడ ఈ మెషీన్‌ను మెచ్చుకోవాలి: ఆక్ వచ్చేదాకా అక్షరాన్ని డేటా తీగల మీద కదలకుండా పట్టుకునే ఉంటుంది. ఆర్డుయినోకు ఇంటరప్ట్ అందడంలో నాలుగైదు మైక్రోసెకన్లు ఆలస్యమైనా ఏమీ పోదు.

రాస్ప్‌బెర్రీ పై వైపు చేయాల్సింది: వచ్చిన బైట్లను ముందు ఒక ఫైల్లో పడేయండి. 12 వచ్చినప్పుడు గానీ, పది సెకన్లు ఏమీ రాకపోయినప్పుడు గానీ ఆ ఫైల్‌ను ప్రింటర్ 9100 పోర్టుకు పంపండి. మొదటి రెండు మూడు రోజులు ప్రింటర్‌కు అసలు పంపవద్దనే నా సలహా. ఫైల్ తెరిచి ఏ నంబర్లు వచ్చాయో చూసుకోండి. కాగితం చూసి తప్పు ఊహించడం కన్నా నంబర్లు చూస్తే వెంటనే తెలుస్తుంది.

మరో సభ్యుడు:

సర్, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బీబీసీ మైక్రోకు ఒక్కో బిట్‌గా పంపే సీరియల్ పోర్టు కూడా ఉంది కదా? ఆర్డుయినో లేకుండా అదే వాడితే?

జవాబు:

వాడొచ్చండీ, అదీ మంచి దారే. స్టార్ ఎఫ్‌ఎక్స్ 5,2 (*FX 5,2) అని కమాండ్ కొడితే ప్రింటింగ్ సీరియల్ వైపు మళ్లుతుంది. స్టార్ ఎఫ్‌ఎక్స్ 8,7 అంటే వేగం 9600 బాడ్, అంటే సెకనుకు 9600 బిట్లు. మామూలు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో పైకి కలుపుకోవచ్చు. చిక్కంతా ప్లగ్గు దగ్గరే. ఆ ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గు తలకిందులుగా పెట్టినా దూరుతుంది, అప్పుడు అక్షరాలేవీ అవతలికి వెళ్లవు. ‘పంపొచ్చు’ అని చెప్పే సీటీఎస్ తీగ సరిగ్గా లేకపోయినా మైక్రో ఒక్క అక్షరమూ వదలదు. బాగున్న ప్యారలల్ కేబుల్ చేతిలో ఉంది కాబట్టి ఈయనకు ఆ దారి చెప్పాను.

అడిగినవారు:

రెండు రోజులుగా దీంతోనే ఉన్నాను. ఫైల్లోకి అక్షరాలు వచ్చాయి! కానీ రెండు సమస్యలు. ఒకటి, పై మీద ప్రోగ్రాము మొదలుపెట్టిన వెంటనే లిస్ట్ కొడితే మైక్రో మళ్లీ పాతలాగే బిగుసుకుంటోంది. కాసేపాగి కొడితే బాగానే ఉంది. రెండోది, ప్రింటర్‌కు పంపితే కాగితం పైన ఒకే ఒక్క లైను, లైన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లగా అలికినట్టు వచ్చింది.

జవాబు:

మొదటిది ఆర్డుయినో అలవాటు. రాస్ప్‌బెర్రీ పై దాని సీరియల్ పోర్టు తెరిచిన ప్రతిసారీ ఆ బోర్డు రీసెట్ అవుతుంది, ఒకటి రెండు సెకన్లు లోకంలో ఉండదు. ఆ సమయంలో మైక్రో పంపిన అక్షరం పోతుంది, దానికి ఆక్ ఎప్పటికీ రాదు. పోర్టును ఒకసారి తెరిచి అలాగే ఉంచేయండి. లేదంటే రీసెట్ పిన్‌కు, గ్రౌండ్‌కు మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. బోర్డులోకి కొత్త ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు మాత్రం దాన్ని తీసేయాలి.

రెండోదానికి మీ ఫైల్ తెరిచి చూడండి. లైను చివర 13 ఉంటుంది, 10 ఉండదు. 13 అంటే లైను మొదటికి రమ్మని, 10 అంటే ఒక లైను కిందికి దిగమని. ఆనాటి ప్రింటర్లు చాలావరకు 13 రాగానే తామే ఒక లైను దిగేలా పెట్టుకునేవారు, అందుకే మైక్రో మామూలుగా 10ని ప్రింటర్‌కు పంపకుండా మింగేస్తుంది. స్టార్ ఎఫ్‌ఎక్స్ 6,0 కొట్టండి, అప్పుడు 10 కూడా వెళుతుంది. అయితే అప్పటి నుంచి 10 బదులు 0ను మింగుతుంది. అక్షరాలకు ఇబ్బంది లేదు, బొమ్మల్లో మాత్రం 0 చాలాసార్లు వస్తుంది. అందుకని నేనైతే మైక్రోను అలాగే వదిలేసి, పై పంపే ఫైల్ మొదట్లో 27, 38, 107, 49, 71 అనే ఐదు బైట్లు చేరుస్తాను. పీసీఎల్‌లో దానర్థం, 13 వచ్చిన ప్రతిసారీ లైను కూడా దిగమని.

కాగితం బయటికి రావాలంటే మైక్రోలో వీడీయూ 2, తర్వాత వీడీయూ 1,12, తర్వాత వీడీయూ 3. మధ్యలోని వీడీయూ 1 వల్ల ఆ 12 ప్రింటర్‌కే పోతుంది, తెర చెరిగిపోదు.

ఇంకో సభ్యురాలు:

నేను ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ అనే మరో పాత కంప్యూటర్‌తో ఇలాంటిదే చేస్తున్నానండీ. మధ్యమధ్యలో అక్షరాలు ఎగిరిపోతున్నాయి. పాత వర్డ్ ప్రాసెసర్‌లో బోల్డ్ పెట్టిన ప్రతిచోటా ప్రింటర్ పేజీని సగంలో బయటికి తోసేస్తోంది కూడా.

జవాబు:

మీ మెషీన్ ఆక్‌ను చూడదమ్మా, ‘పనిలో ఉన్నాను, ఆగు’ అని చెప్పే బిజీ తీగను మాత్రమే చూస్తుంది. మీ ఆర్డుయినో తేరుకుని బిజీ ఎత్తేలోపే అది ‘ఖాళీగానే ఉంది’ అనుకుని తర్వాతి అక్షరం పంపేస్తోంది. ప్రోగ్రాము ఎంత వేగంగా రాసినా ఇది పూర్తిగా పోదు. 74హెచ్‌సీ74 ఫ్లిప్ ఫ్లాప్ చిప్ ఒకటి పెట్టండి. స్ట్రోబ్ రాగానే అదే బిజీని ఎత్తేస్తుంది, అక్షరం చదివాక ఆర్డుయినో దాన్ని దించుతుంది. ఇంకొకటి, సీపీసీలో ఎనిమిదో బిట్‌ను స్ట్రోబ్‌కే వాడేశారు, డేటాకు ఏడే మిగిలాయి. ఎనిమిదో డేటా పిన్‌ను గ్రౌండ్‌కు కట్టేయండి.

పేజీ బయటికి రావడం భాష తేడా వల్ల. ఎప్సన్ ప్రింటర్ల ఈఎస్‌సీ/పీ భాషలో 27, 69 అంటే బోల్డ్ మొదలుపెట్టు. అవే రెండు బైట్లు పీసీఎల్‌లో రీసెట్. రీసెట్ అనగానే అప్పటిదాకా ఉన్న సగం పేజీని అచ్చు వేసి బయటికి పంపుతుంది. పైలోనే ఆ రెండు బైట్లు వెతికి, వాటి స్థానంలో పీసీఎల్ బోల్డ్ కోడ్ 27, 40, 115, 51, 66 పెట్టండి. బోల్డ్ ఆపే 27, 70కి బదులు 27, 40, 115, 48, 66.

అడిగినవారు:

లిస్టింగ్ వచ్చేసిందండీ! నాలుగు పేజీలు, లైన్లన్నీ వరసగా. ఇన్నాళ్లూ దొరకని తప్పు 340వ లైనులో మొదటి చూపుకే కనపడింది. చివరిగా ఒక్క సందేహం. బొమ్మలు గీసే పాత ప్రోగ్రాము ఒకటుంది, అది ఎప్సన్ ప్రింటర్ కోసం రాసింది. దాని ఫైల్‌ను పైలో నేనే బొమ్మగా మార్చాను. అన్నీ వచ్చాయి గానీ వృత్తం మాత్రం కోడిగుడ్డులా నిలువుగా సాగింది.

జవాబు:

మీ ఫైల్లో 27, 75 అని మొదలయ్యే వరసలున్నాయి కదూ? ఆ పద్ధతిలో చుక్కలు అడ్డంగా అంగుళానికి 60, నిలువుగా అంగుళానికి 72. మీరు ప్రతి చుక్కనూ చదరంగా వేసి ఉంటారు, అందుకే అడ్డం కురచై నిలువు సాగినట్టుంది. అంగుళానికి 360 చుక్కల బొమ్మ తయారు చేసుకుని, పాత చుక్క ఒక్కోదాన్ని 6 అడ్డం, 5 నిలువు ఉన్న చిన్న గడిగా నింపండి. 360ని 60తోనూ 72తోనూ భాగిస్తే శేషం రాదు, ఎక్కడా గీతలు తెగవు. 300తో ప్రయత్నించకండి, నిలువులో లెక్క కుదరక సన్నటి తెల్ల చారలు వస్తాయి.

27, 75 తర్వాత వచ్చే రెండు బైట్లు ఆ వరసలో ఎన్ని నిలువు పట్టీలున్నాయో చెబుతాయి. మొదటిదానికి రెండోదాన్ని 256తో గుణించి కలపాలి. 224, 1 ఉంటే 480 పట్టీలు. అన్ని బైట్లు అయ్యేదాకా మధ్యలో 13 వచ్చినా 12 వచ్చినా బొమ్మలో భాగమే, వాటిని కోడ్‌గా తీసుకోవద్దు. పేజీ ముగిసిందని 12 చూసి ఫైల్ పంపమన్నాను కదా, బొమ్మల దగ్గర ఆ ఏర్పాటు ఆపేసి పది సెకన్ల విరామాన్నే నమ్ముకోండి.

అడిగినవారు:

6, 5 గడులతో వేశాను. స్కేలు పెట్టి కొలిస్తే వృత్తం అడ్డం, నిలువు రెండూ 81 మిల్లీమీటర్లు. ఆ కాగితాన్ని మైక్రో పక్కనే గోడకు అంటించాను.