లోన్ లేకుండా మొత్తం డబ్బు కట్టి మొదటి ఇల్లు కొనడం మంచిదేనా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. వేదాయపాళెంలో రెండు పడకగదుల ఫ్లాట్ చూశాం, 46 లక్షలు చెప్తున్నారు. ఊళ్లో పొలం అమ్మిన డబ్బూ, నేను దాచుకున్నదీ కలిపితే 52 లక్షల దాకా ఉంది. లోన్ వద్దు, మొత్తం కట్టేద్దాం అని నాన్న పట్టు. ఆయన మాటా నిజమే, 30 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు 26 వేలు, వడ్డీయే 32 లక్షలు దాటుతుంది. పైగా మొత్తం ఒకేసారి ఇస్తే రేటు తగ్గిస్తానని అమ్మే ఆయనే అన్నాడు.

నా భయం వేరే. లోన్ అయితే బ్యాంకు లాయరు కాగితాలు చూస్తాడు, ఇక్కడ ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ప్లాన్ అప్రూవల్ అన్నీ మనమే చూపించుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు పోతే చేతిలో పెద్దగా మిగలదు, అమ్మకు షుగర్ కూడా ఉంది.

ఇంకో తలనొప్పి, అమ్మే ఆయన 10 లక్షలు నోట్ల రూపంలో అడుగుతున్నాడు. స్థలం, ఇల్లు అమ్మకాల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని, తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ అని చదివాను. అది తీసుకున్నవాళ్లకే కదా అంటున్నాడు మా బావ (ఆయనకు అన్నీ తేలికే). కానీ ఆ నగదు కాగితంలో రాయకపోతే, రేపు నేను అమ్మేటప్పుడు నేను కొన్న ధర తక్కువగా కనిపించి పన్ను నాకే కదా పడేది?

ఇలా కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఓ 10 లక్షలు చిన్న లోన్ పెట్టుకుంటే కాగితాల టెన్షన్ తీరుతుందా? లీగల్ ఒపీనియన్‌కు నెల్లూరులో లాయర్లు ఎంత తీసుకుంటున్నారు?