చిన్న విమానంలో ఇంధనం ఎంత మిగులు ఉంచుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి

నమస్కారం. మాది విజయనగరం. పైలట్ శిక్షణలో ఉన్నాను, సెలవుకు ఇంటికి వచ్చాను. తిరిగి వెళ్లగానే సెస్నా 152 అనే చిన్న విమానంలో ఒంటరిగా దూరప్రయాణం చేయాలి.

ట్యాంకులు నిండితే వాడుకోగలిగిన పెట్రోలు సుమారు 93 లీటర్లు. గంటకు 23 లీటర్ల ఖర్చు అనుకుంటే నాలుగు గంటలు. కాగితం మీద ఇంతే. కానీ 90 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగానికి 20 నాట్ల ఎదురుగాలి తగిలితే 180 నాటికల్ మైళ్లకు పట్టేది రెండు గంటలు కాదు, 2 గంటల 34 నిమిషాలు. అమెరికా నియమం ప్రకారం పగటిపూట కంటితో బయట చూస్తూ నడిపే ప్రయాణానికి కనీస మిగులు 30 నిమిషాలకు సరిపడా ఇంధనం. నాకది చాలా తక్కువనిపిస్తోంది.

మా నాన్న లారీ డ్రైవరు. మీటరు ముల్లును నమ్మరు. డీజిల్ ట్యాంకులో కర్ర ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో బొటనవేలితో పట్టి చూశాకే ఘాట్ రోడ్డు ఎక్కుతారు. నేనూ రెక్కలోని ట్యాంకులో కొలకర్ర ముంచి చూస్తాను. మరి గాలిలోకి లేచాక?

మీరు గంట మిగులు ఉంచుతారా? ఏ దశలో దారి మళ్లించి దగ్గరి విమానాశ్రయంలో దిగిపోతారు? ఆ హద్దు బయలుదేరకముందే రాసిపెట్టుకుంటారా? గమ్యం పది నిమిషాల దూరంలో ఉందనిపిస్తే మనసు వెనక్కి తగ్గదేమోనని నా భయం. అమ్మతో ఈ మాట అనలేను. దయచేసి వివరంగా రాయండి.