‘అమెరికన్ ఇండియన్’ గడి మా పాపకు వర్తిస్తుందా?

హ్యూస్టన్_కాపురం
మాది తెనాలి. మావారు టెక్సస్‌లోనే పుట్టారు. అత్తగారు మెక్సికోలోని వహాకా నుంచి వచ్చారు. ఆవిడ తన అక్కతో ఫోనులో ఇప్పటికీ అక్కడి ఆదివాసుల భాష జపోటెక్‌లోనే మాట్లాడతారు, స్పానిష్‌లో కాదు. పాపకు పదేళ్లు. కొత్త స్కూలు ఫారంలో ముందు హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) అవునా కాదా అని అడిగి, దాని కింద జాతి ఏమిటని మళ్లీ అడిగారు. మొదటిదానికి అవునని పెట్టాను. రెండోదాని దగ్గర పెన్ను ఆగిపోయింది. మావారు ఎప్పుడూ తెలుపు అనే పెడతారు. ఎందుకంటే, వాళ్ల నాన్న అలాగే పెట్టేవారట, అంతే. పక్కపక్కన నిలబడితే నాకన్నా ఆయనే చామనచాయ. మీ ఇళ్లలో ఏమి రాశారు?

న్యూజెర్సీ_బాబాయి
ఏది రాస్తే కాలేజీ సీటుకు లాభమో అది రాయండి. మిగతాదంతా చర్చ కోసం చర్చ.

బ్రాంక్స్_అల్లుడు
మా ఆవిడది డొమినికన్ కుటుంబం, అంటే కరీబియన్‌లోని డొమినికన్ రిపబ్లిక్ వాళ్లు. ముగ్గురు అక్కచెల్లెళ్లు, ఒకే తల్లి, ఒకే తండ్రి. 2020 జనగణనలో పెద్దామె తెలుపు అని పెట్టింది, మా ఆవిడ నలుపు అని పెట్టింది, చిన్నామె ‘మరో జాతి’ దగ్గర డొమినికన్ అని రాసింది. మా మామగారికి ముగ్గురూ తప్పే. ఆయన మాట ‘ఇండియో’. గోధుమరంగు వాళ్లను అక్కడ అలా అంటారు, గుర్తింపు కార్డుల్లో కూడా ఒకప్పుడు అదే రాసేవారు. పెళ్లికి ముందు మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఎవరో ఇండియో అన్నారు. నన్నే పిలిచారనుకుని లేచి నిలబడ్డాను.

పాత_గణకుడు
బాబాయి గారూ, కాలేజీ ప్రవేశాల్లో జాతిని చూడటం చెల్లదని సుప్రీంకోర్టు 2023లోనే తేల్చింది. ఆ లెక్క పక్కన పెట్టండి.

నేను 2020లో ఇల్లిల్లూ తిరిగి జనగణన చేశాను. హిస్పానిక్ ఇళ్లలో రెండో ప్రశ్న చదవగానే నన్నే ఎదురడిగేవారు: ‘ఇప్పుడే చెప్పాను కదా, మళ్లీ ఏమి చెప్పమంటారు?’ ఫలానాది పెట్టండి అని మేము సలహా ఇవ్వకూడదు. గుమ్మంలో అలా నిలబడాల్సిందే. చివరికి తేలిన లెక్క చూడండి. తెలుపు మాత్రమే అన్న హిస్పానిక్‌లు 2010లో 2.67 కోట్లు, 2020లో 1.26 కోట్లు. ఒకటికి మించిన జాతుల కింద లెక్కకు వచ్చినవారు 30 లక్షల నుంచి 2.03 కోట్లకు పెరిగారు. పదేళ్లలో జనం ముఖాలు మారలేదు. కొంత మనసు మారింది, కొంత ఫారం మారింది. తెలుపు, నలుపు గడుల పక్కన కూడా మూలాలు రాసే చోటు ఆ ఏడాదే కొత్తగా పెట్టారు. తెలుపుకు టిక్కు పెట్టి పక్కన మెక్సికన్ అని రాస్తే, తెలుపుతో పాటు ‘మరో జాతి’ కూడా లెక్కలో చేరుతుంది. మీవారు అలా రాసి ఉంటే ఆయనకు తెలియకుండానే మిశ్రమ జాతిలో ఉన్నారు.

చరిత్ర_పిచ్చి
హ్యూస్టన్ గారూ, మీ మామగారు తెలుపు పెట్టడం వెనుక పెద్ద కథే ఉంది. 1930 జనగణనలో ‘మెక్సికన్’ను జాతిగా పెట్టారు. మెక్సికో ప్రభుత్వం, ఇక్కడి మెక్సికన్ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెబితే 1940లో తీసేసి మళ్లీ తెలుపులో కలిపారు. ఆ రోజుల్లో తెలుపు అన్నది పౌరసత్వపు మాట, ఒంటి రంగు మాట కాదు. అదే ఫారంలో మనవాళ్ల జాతి ఏమిటో తెలుసా? ‘హిందూ’. సిక్కులైనా ముస్లింలైనా హిందువులే! 1923లో, ఇక్కడ పౌరసత్వం అడిగిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అంటే అప్పట్లో మనకు పౌరసత్వం ఇవ్వరు.

ఇంకో వింత. 1948కి ముందు కాలిఫోర్నియాలో తెల్లవాళ్లు ఇతరులను పెళ్లాడటం నిషేధం. మెక్సికన్ మూలాలున్న ఆండ్రియా పెరెజ్ కాగితం మీద తెల్లది కాబట్టి, ఆమెకూ ఆమె నల్లజాతి వరుడికీ పెళ్లి లైసెన్సు ఇవ్వనన్నారు. ఆ నిషేధం కూలింది ఆమె కేసులోనే. అదే రాష్ట్రంలో ఇంపీరియల్ లోయలో పంజాబీ రైతులు మెక్సికన్ స్త్రీలను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరి ఒంటి రంగూ ఒకేలా కనిపిస్తే గుమాస్తా అడ్డు చెప్పేవాడు కాదు. స్పానిష్ పేరు ముందు, సింగ్ వెనుక పెట్టుకున్న పిల్లలు అక్కడ వందేళ్ల కిందటే ఉన్నారు.

లాలాగూడ_రైలు
మాది ఆంగ్లో ఇండియన్ కుటుంబం, సికింద్రాబాద్. మాకు టిక్కు పెట్టుకునే అవకాశమే లేదు. రాజ్యాంగం 366వ అధికరణ ప్రకారం యూరప్ రక్తం తండ్రి వైపు నుంచే రావాలి. మా మేనత్త తెలుగాయనను చేసుకుంది. ఇంట్లో ఇంగ్లిష్, క్రిస్మస్‌కు కుల్‌కుల్ మిఠాయిలు, అంతా మాలాగే. ఆమె పిల్లలు మాత్రం చట్టం దృష్టిలో మావాళ్లు కారు. ఎంచుకోవాల్సి రావడం బాధ అంటున్నారు గానీ, మాకు అదీ లేదు.

న్యూజెర్సీ_బాబాయి
సరే, నాది తప్పే. అసలు రెండోది ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?

డాలస్_స్కూలు_కౌంటర్
నేను చేసే పని ఇదే, చెబుతాను. ఖాళీగా వదిలితే మొదట మీకు ఫోన్ చేస్తాం. అయినా చెప్పకపోతే బిడ్డను చూసి స్కూలువాళ్లే నింపాలి. నాకు ఈ ఉద్యోగంలో అసలు నచ్చని పని అది. ఇంకో మాట: హిస్పానిక్ అని పెట్టాక కింద ఎన్ని జాతులు పెట్టినా, కేంద్రానికి వెళ్లే లెక్కలో పాప హిస్పానిక్ మాత్రమే. 2024 మార్చిలో రెండు ప్రశ్నలనూ కలిపి ఒకటే చేస్తూ ప్రమాణాలు మార్చారు, మీ చేతిలో ఉన్నది పాత ఫారం.

ఏటా మన తెలుగువాళ్లు కొందరు ‘అమెరికన్ ఇండియన్’ గడికి టిక్కు పెడతారు, అమెరికాలో ఉన్న ఇండియన్లమే కదా అని. అది ఇక్కడి ఆదివాసులది. అయితే మీ సంగతి వేరు. ఆ గడి నిర్వచనంలో మధ్య, దక్షిణ అమెరికా ఆదివాసులు కూడా ఉన్నారు. మీ అత్తగారిని అడిగి చూడండి.

హ్యూస్టన్_కాపురం
అడిగాను. హిస్పానిక్ అంటే ఆవిడ నవ్వారు. మెక్సికన్ అన్నా ఊ కొట్టలేదు. తన ఊరి పేరు చెప్పి ఊరుకున్నారు. పాపకే ఫారం ఇచ్చాం. ఏషియన్‌కు పెట్టింది, తర్వాత ‘అమెరికన్ ఇండియన్’కు పెట్టి, ఇది నానమ్మ కోసం అంది. మావారు ఏమీ అనలేదు, కానీ తెలుపు గడి వైపు కాసేపు చూశారు.

ఈ రోజు స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. మీవాళ్లు తరచుగా చేసే పొరపాటే జరిగింది, సరిదిద్దమంటారా అని అడిగారు. వద్దన్నాను. అత్తగారి ఊరి పేరు ఒక్కో అక్షరం చెప్పి రాయించేసరికి పది నిమిషాలు పట్టింది.