సమస్య: మెచ్చుకొన్నవాఁడె మిత్తి యగును

కోటిపల్లి రేవు (నిర్వాహకుడు):
మొన్న ముక్తేశ్వరం వెళ్ళే పంటు మీద ఒక పెద్దాయన పక్కనున్న కుర్రాడి భుజం తట్టి "నువ్వయితే ఈ గోదారి ఈదేస్తావురా" అన్నాడు. వాళ్ళమ్మ గుడ్లురిమి "వాణ్ణి మీరే చంపేట్టున్నారండీ" అంది. రేవు దిగేలోపు పాదం తయారైపోయింది, మిత్తి అంటే మృత్యువు. ఇదే చివరి పాదంగా వచ్చేట్టు పద్యం పూర్తిచేయాలి. కానివ్వండి. ఒక్క షరతు, తప్పు పట్టేముందు నచ్చిన ముక్క ఒకటి చూపించాలి. ఉత్తినే "బావుంది" అంటే లెక్కలోకి రాదు, ఏది బావుందో చెప్పాలి. దీన్నొక అలవాటు చేసుకుందాం, ఈ మధ్య ఇక్కడ పద్యాల కంటే పోట్లు ఎక్కువయ్యాయి.

పాలకొల్లు మాస్టారు:
వార్ధిఁ జూచి కపులు వడవడ వడకఁగా
జాంబవంతుఁ డనియె: జంకు వలదు
హనుమ! నీవె దాఁటు మంబుధి, లంకకు
మెచ్చుకొన్నవాఁడె మిత్తి యగును.

గౌతమి గట్టు:
షరతు ప్రకారం ముందు మెప్పు: "వడవడ వడకఁగా" చెవికి ఇంపుగా ఉంది. ఇక అసలు సంగతి. లంకని తగలబెట్టింది హనుమ, మాస్టారు చంపించింది జాంబవంతుడి చేత. పైగా "అంబుధి" దాకా జాంబవంతుడి మాట, "లంకకు" దగ్గర ఉన్నట్టుండి కవి మాట. మధ్యలో పంటు దిగినట్టు చెప్పాపెట్టకుండా దిగిపోయారు.

పాలకొల్లు మాస్టారు:
చమత్కారమే అది కదండీ. కిష్కింధ కాండ చివర హనుమ ఓ పక్కన మాటాపలుకూ లేకుండా కూర్చునుంటాడు, తన బలం తనకి గుర్తులేదు. నూరు యోజనాల సముద్రం ముందు పెట్టుకుని ఆ ముసలాయన నాలుగు మంచిమాటలు చెప్పకపోతే లంక చెక్కుచెదరకుండా ఉండేది. అదీ ఉత్తుత్తి పొగడ్త కాదు, పుట్టగానే సూర్యుడి మీదకి ఎగిరావని జరిగిందే గుర్తుచేశాడు. "దిగిపోయారు" అన్నమాట మాత్రం ఒప్పుకుంటున్నాను. మూడో పాదంలో హ–అ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) మీద కూడా పడతారనుకున్నా, వదిలేసినందుకు సంతోషం.

గౌతమి గట్టు:
అది చెల్లుతుంది కాబట్టి వదిలాను. పోయిన ఉగాదికి మీరు కంద పద్యంలో ప్రాసకి (పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే ఉండాలి కదా) మూడు పాదాలు ర పెట్టి నాలుగో పాదంలో ఱ పెట్టినప్పుడు వదల్లేదు కదా.

పాలకొల్లు మాస్టారు:
మళ్ళీ ఉగాదేనా! శకటరేఫకి, అదే ఆ ఱ కి, తద్దినాలు పెట్టడం మానేయండి బాబూ.

అమలాపురం అల్లుడు:
మాది నల్లగొండ వైపు, అత్తారిల్లు ఇక్కడ. మా దగ్గర మిత్తి అంటే వడ్డీ. కాబట్టి:

మంచిమాట యప్పు, మనసులోఁ బెట్టిన
తిరిగి వచ్చు నొక్క దినము పెరిగి;
అసలు పోయె నంచు నడలకు, మన మిట్లు
మెచ్చుకొన్నవాఁడె మిత్తి యగును.

కోటిపల్లి రేవు:
అల్లుడుగారూ, దణ్ణం. మృత్యువు తద్భవంగా మిత్తి అని నేను ఉరి వేసి పెడితే మీరు దాంతో ఉయ్యాల కట్టారు. అంతకంటే నన్ను పడేసింది "మన మిట్లు". పాదంలో మెచ్చుకున్నవాడు మనల్ని మెచ్చుకున్నవాడని అందరం అనుకుంటుంటే, మనం మెచ్చుకున్నవాడని తిప్పేశారు. ఒక్క అక్షరం కదపకుండా.

గౌతమి గట్టు:
నచ్చింది: "అసలు" అన్నమాట, వడ్డీ పక్కన సరిగ్గా కూర్చుంది. నచ్చనిది: కోనసీమలో ఎవరూ వడ్డీని మిత్తి అనరు.

అమలాపురం అల్లుడు:
మా మామగారు కట్నం బాకీకి ఏమన్నా పెట్టి ఉంటే నేర్పేవాణ్ణి. సరదాకన్నానండీ, ఆయన కూడా ఇవి చదువుతారు.

కొబ్బరాకు:
పద్యం రాదు, మాట చెప్పొచ్చా? షరతు చదివి ఇంట్లో కూడా మొదలెట్టాను. పెళ్ళయిన 31 ఏళ్ళకి "ఇవాళ పులుసులో మెంతిపొడి సరిగ్గా పడింది" అన్నాను. మా ఆవిడ నుదురు పట్టుకు చూసి, జ్వరం లేదని తేల్చుకుని, "ఎంత కావాలి?" అంది. మర్నాడు వంకాయ కూర గురించి చెప్పాను, పట్టించుకోలేదు. నాలుగో రోజు గిన్నె నా ముందు పెట్టి తనే "ఇందులో ఏం పడిందో చెప్పండి చూద్దాం" అంది. ఇప్పుడు రోజూ పరీక్షే, తినేటప్పుడు పేపర్ చదవడం పోయింది.

పాలకొల్లు మాస్టారు:
మా ఎలిమెంటరీ స్కూల్ పంతులుగారిదీ ఇదే పద్ధతి. పలక మీద తప్పుల జోలికి పోయేముందు బాగా కుదిరిన అక్షరం ఒకటి వెతికి దాని కింద సుద్దతో సున్న చుట్టేవారు. నా పలక మీద ఎప్పుడూ "ఱ" కిందే పడేది. గౌతమి గట్టుగారు గమనించ ప్రార్థన. ఆ పంతులుగారికే ఈ పద్యం:

పద్య మొకటి తెచ్చి భయపడు బాలుని
వెన్నుఁ దట్టి పలుక, వేయి యేల,
జంకు పాఱిపోవు, సందియమ్మునకును
మెచ్చుకొన్నవాఁడె మిత్తి యగును.

భీమవరం పుంజు:
నమస్కారమండి, కొత్తవాణ్ణి, ఇంటర్. పంపుదామా వద్దా అని మూడు రోజులు టెన్షన్ పడ్డాను.

పుంజు మేలటంచు పొగడి కత్తిని గట్టి
బరిని దించినాఁడు పందెగాఁడు;
కూర యయ్యె సందె పుంజుకుఁ జూడఁగా
మెచ్చుకొన్నవాఁడె మిత్తి యగును.

అమలాపురం అల్లుడు:
అబ్బ! సంక్రాంతికి అత్తారింట్లో ఇదే చూశాను. పొద్దున ఆ కోడికి బాదంపప్పు పెట్టి "నా బంగారం" అన్న చేతులే సాయంత్రం ముక్కలు వడ్డించాయి.

గౌతమి గట్టు:
మూడో పాదం: కూ – పుం. యతి ఎక్కడండీ? పేరులో పుంజు ఉంటే సరిపోతుందా?

పాలకొల్లు మాస్టారు:
షరతో? మెప్పు ముక్క ఏదండీ? కర్ణుడి రథం మీద శల్యుడు కూడా ఇలాగే తోలాడు.

కోటిపల్లి రేవు:
బాబూ భీమవరం, "పొగడి కత్తిని గట్టి" అన్నావే, పొగడ్తకీ కత్తికీ మధ్య ఊపిరి కూడా తీసుకోనివ్వలేదు, అదీ పద్యమంటే. యతి పోయిన మాట నిజం. నువ్వే చూసుకో, మందు ఆ పాదం పక్కనే తిరుగుతోంది.

భీమవరం పుంజు:
ఆయ్, దొరికిందండి. "కూర యయ్యె సందె కోడికిఁ జూడఁగా."

గౌతమి గట్టు:
కుదిరింది. "పుంజుకు" కంటే "కోడికి" అంటేనే కూర వాసన కూడా తగులుతోంది. నేనయితే "సందె" దగ్గర తడబడేవాణ్ణి, నువ్వు పడలేదు.

పాలకొల్లు మాస్టారు:
రేవుగారూ, ఈ మాట భద్రపరచండి, గౌతమి గట్టుగారు రాసిందే.

గౌతమి గట్టు:
భద్రపరుచుకోండి. వచ్చేవారం మాత్రం కందం ఇవ్వండి, ప్రాసలో ఱ ఉండాలి, పలక మీద సున్న ఎవరికి పడుతుందో చూద్దాం.