కన్యాశుల్కం వేషాలకు బహిరంగ ఆడిషన్ పెట్టాలా, వద్దా?

నాటకాల బరంపురం:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురంలో చిన్న తెలుగు నాటక సమాజం, ఉన్నది పద్నాలుగు మందిమి. సంక్రాంతి వెళ్లాక కన్యాశుల్కం వేద్దామనుకున్నాం. 1909 నాటి కూర్పులోని ఏడంకాలూ ఆడించే శక్తి మాకు లేదు కనుక రెండున్నర గంటలకు కుదించుకున్నాం. ఇక్కడిదాకా గొడవ లేదు. వేషాలు ఎవరికివ్వాలన్న దగ్గరే కమిటీ రెండుగా చీలింది. ఎప్పటిలాగే మగ వేషాలు మనలో మనం పంచుకుని, మధురవాణికి, బుచ్చమ్మకి, మీనాక్షికి విజయనగరం వైపు నుంచి పారితోషికమిచ్చి ఆర్టిస్టులను పిలిపించుకుందామని కొందరంటున్నారు. ఊళ్లో కాగితాలు అంటించి, గిరీశంతో సహా అన్ని వేషాలకూ ఎవరొచ్చినా విని ఇద్దామని నేనంటున్నాను. బరంపురమే కాదు, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఎక్కడి తెలుగువాళ్లైనా రావచ్చు. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత రిహార్సల్:
తమ్ముడూ, మొహమాటం వద్దన్నావు కాబట్టి చెబుతున్నా. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా వేషం కడుతున్నాను. బల్లలు మోశాం, చందాలకు ఇంటింటికీ తిరిగాం, వానకి పందిరి కూలితే తడి బట్టలతోనే రెండో అంకం ఆడాం. అంత చేసినవాణ్ణి ఇప్పుడు కొత్తవాళ్లతో పాటు వరసలో నిలబడమంటే మనసుకు కష్టంగా ఉండదా?

నా బాధ పక్కన పెట్టు. ఆరేళ్ల కిందట ఇంకో నాటకానికి మేమూ ఇలాగే అందరినీ పిలిచాం. నలభై మంది వచ్చారు. ఎనిమిది మందిని తీసుకున్నాం. నెల తిరిగేసరికి ముగ్గురు మిగిలారు. ప్రదర్శన ఇంకా పది రోజులుందనగా హీరో కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని వెళ్లిపోయాడు. వాణ్ణి తప్పు పట్టను, బతుకుతెరువు. కానీ ఆ పది రోజులూ నాకు నిద్ర లేదు. ఐదు నిమిషాల ఆడిషన్‌లో గొంతు తెలుస్తుంది, మొహం తెలుస్తుంది. మూడు నెలలు రోజూ సాయంత్రం రిహార్సల్‌కి వస్తాడో రాడో ఎలా తెలుస్తుంది? పైగా ఇది కన్యాశుల్కం. గిరీశం ఒక్కడు తేలిపోతే నాటకం మొత్తం పోతుంది.

బొబ్బిలి ఆడపడుచు:
బాబాయిగారూ, మీ కష్టం తెలిసినదాన్నే, మీ నాటకాలు ముందు వరసలో కూర్చుని చూశాను. కానీ ఆడవాళ్ల వేషాల సంగతి మీరు ఒక్క ముక్కలో దాటేశారు, అందుకని రాస్తున్నాను.

నేను పెళ్లై ఇక్కడికి వచ్చి పంతొమ్మిదేళ్లు. మధురవాణి ఉన్న రంగాలన్నీ నాకు నోటికి వచ్చు. ఎనిమిదేళ్ల కిందట ఒక సమాజం వాళ్లు ఇదే నాటకం వేస్తున్నారని తెలిసి మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి అడిగాను. సంసార స్త్రీలను పెట్టుకుంటే లేనిపోని మాటలు వస్తాయమ్మా అని పంపేశారు. ప్రదర్శన రోజు పొద్దున్న రైల్లో ఒకావిడ దిగింది. మధ్యాహ్నం ఒక్కసారి డైలాగులు కలుపుకున్నారు. రాత్రి స్టేజీ మీద ఆవిడ గొంతు కన్నా ప్రాంప్టర్ గొంతే ఎక్కువ వినబడింది. ఆవిడ మంచి నటి, అందులో అనుమానం లేదు. ఒక్క పూటలో ఎవరు మాత్రం ఏం చేస్తారు? గిరీశాన్నీ రామప్పంతుల్నీ లోపలిదాకా చదివేసిన మనిషి మధురవాణి. ఎదుటివాళ్లను అంత తెలిసినట్టు ఆడాలంటే ఆ ఎదుటివాళ్లతో నెలల తరబడి రిహార్సల్ ఉండాలి. ఊళ్లో ఉన్నవాళ్లకే అది కుదురుతుంది. నాకు వేషం ఇచ్చి తీరమనడం లేదు. ఒక్కసారి వినమంటున్నాను.

రాయగడ నుంచి:
అక్కా, చదువుతుంటే మనసు బరువెక్కింది. ఆడిషన్ పెట్టండి. కమిటీలో అందరూ మగవాళ్లే ఉంటే, విని ఎంచేవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టండి.

పర్లాకిమిడి కుర్రాడు:
నాకు ఇరవై రెండేళ్లు. ఇంట్లో తెలుగే, చదువంతా ఒడియాలో. తెలుగు చదవడం రాదు. ఇది కూడా ఫోన్‌లో మాట్లాడితే అదే రాసింది, మా మేనత్త తప్పులు సరిదిద్దింది. కాలేజీలో ఒడియా నాటకాలు మూడు వేశాను. తెలుగు నాటకంలో వేయాలని చాలా ఉంది. మునుపు ఒకచోటికి వెళితే చేతికి తెలుగు కాగితం ఇచ్చి చదవమన్నారు. చెమటలు పట్టాయి. టెన్షన్‌లో ఏం చెప్పాలో తెలియక తిరిగి వచ్చేశాను. చదవడం రానివాళ్లకు ఆడిషన్ ఉంటుందా సార్?

పర్లాకిమిడి మాస్టారు:
ఉండాలి నాయనా, తప్పకుండా ఉండాలి. మనది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. ఆయనా గురజాడా విజయనగరంలో కలిసి చదువుకున్నారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. గిరిజనులైన సవరల భాషకు లిపి లేకపోతే తెలుగు అక్షరాల్లో పాఠాలు రాసి వాళ్ల పిల్లలకు చెప్పించారు. మరి మన పిల్లలకు ఒడియా అక్షరాల్లో తెలుగు డైలాగులు రాసి ఇవ్వడానికి మనకేం అడ్డు? 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మనం ఇటు ఉండిపోయాం. తెలుగు బడులు తగ్గిపోయాయి. ఇళ్లల్లో మాట ఇంకా మిగిలే ఉంది. నాటకానికి కావలసింది ఆ మాటే కదా. నేను రాసి పెడతాను. అక్షరాలు తర్వాత రిహార్సల్స్ అయ్యాక నేర్పుతాను, అదీ నా పూచీ.

పాత రిహార్సల్:
మాస్టారూ, లిపి సంగతి ఒప్పుకున్నాను. నాకు తట్టలేదు. అమ్మాయ్, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రదర్శనలో రామప్పంతులు వేషం నాదే. ఆ రాత్రి రెండు చోట్ల ఆవిడ ఆగిపోతే నేనే అందించాను. నిన్ను పంపేసిన సంగతి మాత్రం నాకు ఇవాళే తెలిసింది.

కానీ యాస మాటేమిటి? ఇక్కడి పిల్లల తెలుగులో సగం ఒడియా దొర్లుతుంది. అగ్నిహోత్రావధాన్లు నోట అలాంటి మాట వస్తే జనం నవ్వరూ?

రాయగడ నుంచి:
అన్నయ్యా, కన్యాశుల్కంలో అందరిదీ ఒకే తెలుగు కాదు కదా. అవధాన్లది ఒకటి, అసిరిగాడిది ఒకటి, గిరీశం మధ్యమధ్యలో ఇంగ్లీషు దంచుతాడు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడే అది మన చుట్టుపక్కల వాడుక భాష నాటకం. మన ముసలివాళ్ల మాటకు అది చాలా దగ్గర. మా నాయనమ్మ మాట్లాడితే పూటకూళ్లమ్మ గుర్తొస్తుంది నాకు. పిల్లలకు మూడు నెలలు మీరు పక్కన కూర్చుని చెబితే మాట తిరుగుతుంది. అది మీ ఒక్కరి వల్లే అవుతుంది.

నాటకాల బరంపురం:
నిన్న రాత్రి కమిటీ కూర్చుంది. పెద్దాయన కూడా వచ్చారు. ఆడిషన్ రెండు ఆదివారాలు. మొదటి వారం కంఠతా వచ్చినదేదైనా చెప్పవచ్చు, ఏ కాగితమూ ఇవ్వం. రెండో వారం ఇద్దరిద్దరిని జతగా నిలబెట్టి రంగం చేయిస్తాం, కాగితం తెలుగులోనూ ఒడియా అక్షరాల్లోనూ ఉంటుంది. ఎంచేవాళ్లు ఐదుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. ప్రతి ముఖ్య వేషానికీ ఇంకొకరు సిద్ధంగా ఉంటారు, హైదరాబాదు ఉద్యోగం భయం అందుకే. పాత సభ్యులు కూడా అందరితో పాటే. లుబ్ధావధాన్లుకి తానే ముందు నిలబడతానని పెద్దాయనే అన్నారు. గిరీశం మీద ఇంకా తేలలేదు, ఓటు పెడతాం.

ఛత్రపురం నుంచి:
ఒక్క సందేహం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కరటకశాస్త్రి శిష్యుడి వేషం మీద మనసు పడింది. నాటకంలో ఆ అబ్బాయే ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లుని పెళ్లాడతాడు కదా, మరి ఆడపిల్లే ఆ అబ్బాయిగా వేస్తే ఒప్పుకుంటారా?

పాత రిహార్సల్:
తీసుకురామ్మా. జతగా నేనే నిలబడతాను. జడకు సవరం మాత్రం తేవద్దు, మా పెట్టెలో ఉంది.